మామ చేతి తుపాకి

స్నానాల గది తలుపు ఇంకా తెరుచుకోలేదు.

"నీళ్ళ చప్పుడు గూడ లేదు. లోపట ఏం జేస్తున్నవు?" మహేశ్వరి తలుపు తట్టింది. "క్లాసుకు యాళ్ళయితుంది."

"నేను రాను." లోపలి నుంచి కరుణాకర్ గొంతు వచ్చింది. "రేణుకను తోల్కపొమ్మను. ఆమె పేరు గూడ రాయించిండు గదా మీ మామ."

మనసు బాగున్న రోజున 'నాయిన', కోపం వచ్చిన రోజున 'మీ మామ'. వారం నుంచీ ఆ ఇంట్లో రామచంద్రం 'మీ మామ'గానే చలామణీ అవుతున్నాడు.

ముందుగదిలో ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. చిన్నకోడలు రేణుక కింద కూర్చుని ఆయన బూట్ల లేసులు కడుతోంది. ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైనప్పటి నుంచి ఆ పని మహేశ్వరిది. ఎవరూ అప్పజెప్పలేదు, తనే తీసుకుంది. ఇవాళ స్నానాల గది ముందు మొగుణ్ణి బతిమాలుకుంటున్న కాస్త సేపట్లో అది చెయ్యి మారింది.

"లెయ్, నేను కడత," అంది మహేశ్వరి.

"అయిపోయింది అక్క."

"గట్టిగ గట్టినవా? నడుస్తుంటే ఊడుతయి." వంగి రెండు ముడులూ లాగి చూసింది. గట్టిగానే ఉన్నాయి. అదీ ఆమెకు నచ్చలేదు.

రామచంద్రం మిలిటరీలో పనిచేసి వచ్చాక, హిమాయత్‌నగర్‌లో ఒక బంగారం దుకాణం ముందు సొంత డబుల్ బ్యారెల్ తుపాకితో కాపలా కాశాడు. ఆ తుపాకే ఆయన ఉద్యోగం. తుపాకి లేని గార్డు ఆ దుకాణానికి అక్కర్లేదు. ఇప్పుడు కళ్ళకు శుక్లాలు, చేతికి వణుకు. తుపాకిని పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాడు. "మీ ఇంట్ల ఎవరి పేరు మీదికన్న లైసెన్సు మార్పించు, వాళ్ళకే నౌకరి ఇస్త, నెలాఖరు దాక చూస్త," అన్నాడు సేటు.

ఎవరి పేరేమిటి, కరుణాకర్ ఉండగా? అశోక్‌నగర్‌లో ఏళ్ళ తరబడి పోటీ పరీక్షలకు చదివి చదివి, చివరికి ఆ పరీక్షల పుస్తకాలే అమ్మే దుకాణంలో కూర్చున్న పెద్దకొడుకు. తుపాకి అతనికే వస్తుందని ఇల్లంతా అనుకుంది. మహేశ్వరి అయితే భుజాన తుపాకితో మొగుడు నిలబడ్డ దృశ్యాన్ని మనసులో ఫొటో కట్టించి పెట్టుకుంది కూడా. పోలీసులు జనం కోసం ఆదివారాలు నడిపే తుపాకి భద్రత క్లాసులో నెగ్గితే చాలు, తక్కిన పని నడుస్తుంది. తీరా చూస్తే ముసలాయన ఆ క్లాసుకు రెండు పేర్లు ఇచ్చి వచ్చాడు.

"మామ, పెద్దకొడుకు ఉండంగ ఆడపిల్లను నిలబెడితే నలుగురు ఏమనుకుంటరు?" అంది మహేశ్వరి.

"పెద్దకొడుకు ఉన్నడు. స్నానాల గదిల ఉన్నడు." రామచంద్రం గొంతు పెంచలేదు. "ఎవరు మంచిగ జేస్తే వాళ్ళకు. ఆడోళ్ళ కౌంటర్ కాడికి ఆడమనిషైతే ఇంక మంచిదని సేటు గూడ అన్నడు. పా బిడ్డ, ఆటో పిలువు."

'బిడ్డ' అన్నది రేణుకను. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మహేశ్వరి కూడా బిడ్డే. ఎప్పుడు పోయిందో పోయింది ఆ పిలుపు. ఇప్పుడు పేరుతోనే పిలుస్తాడు.

రేణుక ఆటో కోసం బయటికి వెళ్ళింది. మహేశ్వరి వెనక్కి వచ్చి తలుపుకు నోరు ఆనించి అంది: "నువ్వు బయటికి రాకపోతె ఆమెకు పోటీ ఎవరు? ఉత్తపుణ్యానికి ఇచ్చేస్తవా?"

గడియ తీసిన చప్పుడు వినిపించింది.

* * *

నారాయణగూడలో ఒక కాలేజీ హాలు. పోలీసులు ఆదివారం పూట తీసుకున్నారు. తుపాకి లైసెన్సులున్న పెద్దమనుషులు నలుగురైదుగురు, దుకాణాల గార్డులు, వాళ్ళ ఇంటివాళ్ళు వచ్చారు. మిగతా కుర్చీలన్నీ అశోక్‌నగర్ హాస్టళ్ళ కుర్రాళ్ళవే. ఏ క్లాసైనా సరే, పెడితే చాలు, వాళ్ళు పెన్నుతో సహా హాజరు.

ఎస్సై నళిని సన్నగా, పొడుగ్గా ఉంది. మైకు తీసుకోలేదు.

"తుపాకి మీ చేతికొచ్చిందంటే మీ కండ్లతోని మీరు చూడాలె. ఇచ్చినోళ్ళు ఖాళీ అని చెప్పిండ్రా, వినండి. విన్నంక తెరిచి చూడండి. ఇచ్చింది నేనైనా సరే, మా కమిషనరైనా సరే. మూతి మాత్రం ఆ ఇసుకబస్తాల వైపే. ఇవన్ని డమ్మీ తూటాలు, పేలవు. కాని పేలుతయనే అనుకోవాలె."

అనుభవమున్న మనిషని ఆమె రామచంద్రాన్ని బల్ల దగ్గర నిలబెట్టింది. తుపాకి అందించడం ఆయన పని. దాన్ని ఆమె పక్కగదిలో సిద్ధం చేసి తెచ్చి ఆయన చేతిలో పెడుతుంది. లోపల డమ్మీ ఉన్నా లేకపోయినా ఆయన "ఖాళీ" అనే చెప్పాలి. అది వాళ్ళిద్దరి మధ్యే ఒప్పందం.

మొదట రేణుకను పిలిచారు.

రేణుక కొంగు నడుముకు చుట్టి లేచింది. ఆమె నడిచి వెళ్తుంటే మహేశ్వరి ఓర్వలేకపోయింది. ఇక దాపరికమెందుకు, అది అసూయే. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో అత్త జబ్బు చూసింది తను, అత్త పోయాక మామ మందులు చూస్తోంది తను. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల ఆయన ఎదుట అంత తేలిగ్గా ఎలా నిలబడుతుంది? మహేశ్వరి ఒళ్ళో చేతులు జోడించింది. పక్కనున్నవాళ్ళు భక్తి అనుకుని ఉంటారు. దాని చెయ్యి జారాలి సామీ, అందరి ముందూ తప్పు చెయ్యాలి, అని మొక్కుకుంది.

"ఖాళీనే బిడ్డ," అన్నాడు రామచంద్రం.

రేణుక తుపాకి అందుకుంది. మూతి ఇసుకబస్తాల వైపు తిప్పింది. మధ్యలో మడిచి, రెండు గొట్టాల్లోకీ చూసింది. వేలు పెట్టి కూడా తడిమింది. నిజంగానే ఖాళీ.

వెనక వరసలో ఒక ముసలాయన నవ్వాడు. "ముఖం మీదనే, మామ మాట నమ్మలే కోడలు." హాలంతా చిన్నగా నవ్వింది. మహేశ్వరికి ప్రాణం లేచివచ్చింది. నలుగురిలో పెద్దాయన పరువు తీసింది, ఇక చూడు.

కరుణాకర్ వంతు వచ్చింది. అతను లేస్తుంటే మహేశ్వరి చొక్కా పట్టుకుని వంచి, చెవిలో చెప్పింది: "చూసినవు గదా నవ్విండ్రు. నువ్వు అట్ల జెయ్యకు. మామ మాట మీద భరోసా ఉన్నట్టు కనపడు. ఆయనకదే కావాలె."

కరుణాకర్ బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"ఖాళీనే బిడ్డ."

చెయ్యి తుపాకి మడవడానికి కదిలిందేమో, ఆగింది. ఆ పిలుపు తండ్రి నోట అతను ఎన్నాళ్ళకు విన్నాడో. రెండు చేతులా వినయంగా అందుకుని, తల వంచి, తెరవకుండానే పక్కన పట్టుకుని నిలబడ్డాడు. ముఖంలో ఎంత నమ్మకమో.

"చూడలేదేంది?" అంది నళిని.

"మా నాయిన చూసిండు గదా మేడం. ఆయన ముందల నేను మళ్ళ చూస్తే ఆయన్ని నమ్మనట్టయితది."

నళిని తుపాకి తీసుకుని మడిచింది. ఎర్రటి డమ్మీ తూటా ఒకటి ఎడమ గొట్టంలోంచి లాగి బల్ల మీద పెట్టింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. కరుణాకర్ తూటా వైపు చూడలేదు, తండ్రి వైపు చూశాడు. "నాతోని అబద్ధం చెప్పినవా నాయినా?"

"తుపాకి కాడ తండ్రి లేడు, కొడుకు లేడు," అన్నాడు రామచంద్రం. "మేడం అదే చెప్పింది. నువ్వు వినలే."

మహేశ్వరి తల దించుకుంది. వినకుండా చేసింది ఎవరో ఆమెకు తెలుసు.

"మీకెట్ల అలవాటైందమ్మా?" నళిని రేణుకను అడిగింది. "చానామంది పెద్దోళ్ళ చేతిల నుంచి తీసుకుంటే మొహమాటపడతరు."

"మా అక్క కాడ నేర్చుకున్న మేడం." రేణుక మహేశ్వరిని చూపించింది. "నేను సిలిండరు కట్టేసినంక అక్క మళ్ళొచ్చి చూస్తది. నేను ఉప్పేసిన కూరల మళ్ళ రుచి చూస్తది. మొదట్ల కోపమొచ్చేది. గాని రోజు చూసి చూసి నాకు గూడ అదే పట్టింది."

మనస్ఫూర్తిగానే అంది. మహేశ్వరికి చెంప మీద కొట్టినట్టయింది. నా అలవాటు, దాని పేరు. నా జాగ్రత్త, దానికి మెప్పు.

"అయితే అసలు టీచరు మీరన్నమాట. మీరు గూడ రండి, చేసి చూపించండి," అని పిలిచింది నళిని.

"నాకెందుకు మేడం, వంట జేసుకునేదాన్ని." అనేసి మహేశ్వరి మామ వైపు చూసింది. పో బిడ్డ, అంటే చాలు. పో మహేశ్వరి, అన్నా లేచేది. రెండు పేర్లు రాయించిన మనిషికి మూడో పేరు తట్టనే లేదన్న సంగతి ఆ క్షణాన గుర్తొచ్చి, తనకు కావలసింది మొగుడి భుజాన తుపాకి కాదేమోనని మొదటిసారి అనిపించింది.

రామచంద్రం చిన్నకోడలితో ఏదో చెబుతున్నాడు. ఇటు చూడలేదు.

* * *

"రేణుక పేరు మీదికి మార్పిస్త," ఆ సాయంత్రం టీ తాగుతూ చెప్పాడు రామచంద్రం. "తుపాకి ఒక పెట్టెల, తూటాలు ఇంకో డబ్బల, ఇద్దరి కాడ రెండు తాళాలు ఉండాలని మేడం చెప్పింది. తుపాకి తాళం రేణుక కాడ. తూటాల తాళం మహేశ్వరి కాడ."

"నాకెందుకు మామ?"

"ఇంట్ల తాళాలు జాగ్రత్తగ పెట్టేది నువ్వే గదా."

అది ఆయన దృష్టిలో గౌరవమే. ఆమెకు మాత్రం పెళ్ళికూతురి నగల సంచీ పట్టుకోమన్నట్టు వినిపించింది. నువ్వు మొయ్యి, ఆమె పెట్టుకుంటుంది.

రేణుక మొగుడు సాగర్ అంబులెన్సు డ్రైవరు. డ్యూటీ నుంచే ఫోన్ చేసి "నాయిన ఎట్లంటె అట్ల" అనేసి పెట్టేశాడు. అతనికేం, గెలిచిన వైపు మనిషి.

గదిలో కరుణాకర్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం వద్దన్నాడు.

"రేపు ఆ ఎస్సై ఇంటికొస్తది," అన్నాడు అటే తిరిగి. "ఒక్కొక్కరిని అడుగుతది. ఇంట్ల గొడవలున్నయా, ఎవరికన్న అభ్యంతరమా అని. ఒక్కరు వద్దన్నా లైసెన్సు ఆగుతది."

"అయితే?"

"నేను చెప్తే మనసుల పెట్టుకోని చెప్పిండంటరు. నువ్వు చెప్పు."

"సిగ్గుండాలె. నెలాఖరు దాటితే సేటు ఇంకొకన్ని పెట్టుకుంటడు. ఇంటికొచ్చే నౌకరిని చేతులార పోగొట్టమంటవా?"

"మనకు రానిది ఉంటెంత, పోతెంత."

"నోరు మూసుకోని పండు," అంది మహేశ్వరి. గట్టిగానే తిట్టింది, మనస్ఫూర్తిగానే తిట్టింది. కాని అతనన్న మాట మాత్రం అన్నంలో రాయిలా నోట్లోనే మిగిలింది. నమలలేదు, ఉమ్మలేదు.

* * *

మర్నాడు నళిని వచ్చేసరికి మహేశ్వరి వంకాయలు తరుగుతోంది.

ముందుగదిలో మిగతా అందరితో విడివిడిగా మాట్లాడి, నళిని వంటింట్లోకి వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది. వంటింట్లో యూనిఫారం మనిషిని చూడగానే మహేశ్వరి అనవసరంగా కొంగు సర్దుకుంది.

"కూసోండి మేడం. చాయ్ పెడత."

"వద్దమ్మా, తాగిన. ఇంట్ల గొడవలేమన్న ఉన్నయా?"

"అందరి ఇండ్లల్ల ఉన్నట్టే."

"మీవారైతే ఏం లేవన్నడు."

మహేశ్వరికి నవ్వొచ్చింది. రాత్రంతా గోడతో మొరపెట్టుకున్న మనిషి, తెల్లారేసరికి మంచివాడైపోయాడు.

"రేణుక పేరు మీద లైసెన్సు వస్తే మీకేమన్న అభ్యంతరమా?"

"నాకేం అభ్యంతరం?"

"తూటాల తాళం మీ కాడ ఉంటదన్నడు మీ మామ. 'పెద్దకోడలు మీద నాకు ఫికర్ లేదు మేడం, ఆమె చేతిల ఏది పెట్టినా భద్రం' అన్నడు."

కత్తిపీట మీద మహేశ్వరి చెయ్యి ఆగిపోయింది. ఈ మాట ఆయన తనతో ఎందుకు అనలేదు? ఎవరో పోలీసామెతో అనడానికి నోరు వచ్చిందా? సంతోషించాల్సిన చోట ఏడుపొచ్చింది. ఏడుపు వెంట ఇంకోటి వచ్చింది.

"నా కాడ పెట్టొద్దు మేడం."

"ఎందుకు?"

"నిన్న రేణుక చేతిల తుపాకి ఉన్నప్పుడు, ఆమె తప్పు జెయ్యాలని నేను మొక్కుకున్న." మహేశ్వరి వంకాయ ముక్కల వైపే చూస్తూ చెప్పింది. "ఉత్తగ అనుకునుడు గాదు. చేతులు జోడించి దేవునికి మొక్కుకున్న. చెయ్యి జారాలె, ఇజ్జత్ పోవాలె అని."

"అవి డమ్మీలని చెప్పిన గదా."

"ఆ యాళ్ళకు నాకది యాదికి లేదు. పేలుతదా, ఎవరికి తగులుతది, అదేం లేదు. ఆమె తప్పు జేస్తే చాలు అనిపించింది. అసొంటిదాని చేతికి తూటాల తాళం ఇస్తరా మీరు?"

నళిని గోడకు ఆనుకున్నదల్లా నిటారుగా నిలబడింది.

"ఇంత నిజం నాతోని ఎవరు చెప్పరమ్మా," అంది. "కోపం అందరికి వస్తది. మీకు తగ్గుతదనుకుంటున్నరా?"

"తెల్వదు."

"ఇప్పుడైతే ఈ ఇంట్ల తుపాకి వద్దంటున్నరా? మీరు వద్దంటే ఆపుత. ఆలోచించి చెప్పండి."

మహేశ్వరి ఆలోచించింది. చెప్పింది నిజమే, అందులో అనుమానం లేదు. ఆ నిజం వల్ల రేణుకకు తుపాకి రాకుండా పోతుంది, అదీ తెలుసు. ఈ రెంటిలో తన నోరు తెరిపించింది ఏదో మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

"ఇప్పుడొద్దు మేడం," అంది.

నళిని తలూపి ముందుగదిలోకి వెళ్ళింది. మహేశ్వరి చేతులు కడుక్కుని వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

"రామచంద్రంగారు, లైసెన్సు పని ఇప్పటికి ఆపుతున్న. ఇంట్ల ఒకరి మనసు కుదుటగ లేదు. కుదుటపడ్డంక మళ్ళ చూద్దాం."

"ఎవరు?"

"అది నేను చెప్పను. మీరు గూడ అడగొద్దు." చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయింది.

అడగొద్దంటే ఆగే మనిషా ఆయన. కాని ముందు రామచంద్రం నళిని దిగిపోయిన మెట్ల వైపే చూశాడు. సేటు గడువు, స్టేషన్‌లో ఉన్న తుపాకి, ఇన్నేళ్ళ కాపలా, అన్నీ ఆమె వెంటే దిగిపోయాయి.

రేణుక గుమ్మం దగ్గరికి వచ్చి మహేశ్వరి మోచెయ్యి పట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళు. "నేనెవరికి ఏం జేసిన అక్క?" అంది మెల్లగా. మహేశ్వరి ఆ చెయ్యి విదిలించుకోలేదు, దాని మీద తన చెయ్యి వెయ్యనూ లేదు.

"నువ్వేనా?" రామచంద్రం కొడుకు వైపు తిరిగాడు.

కరుణాకర్ తలెత్తాడు. తండ్రిని దాటి, గుమ్మంలో నిలబడ్డ పెళ్ళాం వైపు చూశాడు. నిన్నటి నుంచి మాడ్చుకున్న ముఖం ఒక్కసారి విప్పారింది. నాకోసం చేసింది, అని ఆ ముఖం మీద చదువు రానివాళ్ళకు కూడా కనిపించేటట్టు ఉంది.

"నేనే," అన్నాడు.

"నీ తమ్ముని పెండ్లాం అన్నం తింటదని కండ్లు మండినయా?"

"అనుకో."

"నా ముందల నిలబడకు. పో."

ఒక్క మాట చాలు. అన్నది నేను మామా, అనాలి. మహేశ్వరి తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. అంతే.

కరుణాకర్ నిదానంగా చెప్పులు వేసుకున్నాడు. తిట్లు తిన్న మనిషిలా లేడు. బయటికి పోబోయేవాడు మళ్ళీ వెనక్కి వచ్చి గుమ్మం దగ్గర ఆగి, భార్య చెవి దగ్గరికి వంగి, ఆమెకు మాత్రమే వినపడేంత మెల్లగా చెబుతున్నాననుకుని చెప్పాడు.

"మంచిగ చెప్పినవ్."

మహేశ్వరి మోచేతి మీదున్న రేణుక వేళ్ళు ఒక్కొక్కటిగా విడిపోయాయి.